ఈ1 ముద్ర ఉన్న హెల్మెట్‌కు ఇక్కడ చలాన్ పడుతుందా?

అందరికీ నమస్తే. మాది అనంతపురం. రోజూ బండి మీద 44వ నంబరు హైవేలో పెనుకొండ దాకా పోయొస్తుంటా. జర్మనీలో చదివే మా తమ్ముడు మొన్న వస్తూ నాకో హెల్మెట్ తెచ్చినాడు. బరువు తక్కువ, తల కదలకుండా పడుతుంది, మన ఎండకు కూడా పర్వాలేదు.

చిక్కేమంటే దానిమీద ఐఎస్ఐ గుర్తు లేదు. గడ్డం పట్టీకి కుట్టిన చిన్న తెల్ల గుడ్డముక్క మీద గుండ్రంగా గీసి ఈ1 అని, పక్కన 06తో మొదలయ్యే నంబరు, చివర పి అని ఉన్నాయి. నేను చదివినంతలో ఈ1 అంటే జర్మనీ ఆమోదం, 06 అంటే హెల్మెట్ల మీద ఐక్యరాజ్యసమితి పెట్టిన 22వ నిబంధనలో ఆరో సవరణ, పి అంటే గడ్డానికీ రక్షణ ఉందని.

ఆ ముద్రలను దేశాలు పరస్పరం ఒప్పుకునేది వాహన నిబంధనల మీద కుదిరిన ఐక్యరాజ్యసమితి 1958 ఒప్పందం కింద. మన దేశం అందులో లేదు, అట్లా పరస్పరం ఒప్పుకునే షరతు లేని 1998 ఒప్పందంలో మాత్రమే ఉంది. ఇక్కడేమో 2021 జూన్ నుంచి మన హెల్మెట్ ప్రమాణం ఐఎస్ 4151 ప్రకారం ఐఎస్ఐ తప్పనిసరి. రోడ్డు పక్కన వంద రూపాయలకు అమ్మే డిప్పల మీద కూడా ఆ స్టిక్కర్ ఉంటుంది, అది వేరే సంగతి!

ఇట్లాంటిది వాడుతున్నవాళ్లను పోలీసులు ఎప్పుడైనా ఆపినారా? మోటారు వాహనాల చట్టంలో హెల్మెట్ సెక్షన్ 194డి కింద వెయ్యి రాసినారా? చలాన్ కంటే నా అసలు భయం, రేపు ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు దీన్ని సాకుగా పెడతారేమోనని. క్లెయిములు చూసిన అన్నలు, లాయర్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి.