పొడిచే కోడిపిల్లను తీయాలా, దెబ్బతిన్న పిల్లను తీయాలా?

పెరటిగూడు:
ఆరు వారాల పిల్లలు 25. అందులో 20 వనరాజ (పెరటి పెంపకం రకం), 5 పందెం జాతి. గూడు 5 అడుగులకు 4, తొట్టి ఒక్కటే. మేత నూకలు, తవుడు, కాస్త వేరుశనగ చెక్క. నాలుగు రోజులుగా మూడింటికి తోక మొదట్లో ఈకలు ఊడి నెత్తురు కనిపిస్తోంది. ఎక్కువగా పొడిచేది ఒక పందెం జాతి పిల్ల. దాన్ని వేరు చేయాలా, దెబ్బతిన్నవాటినా? ముక్కు కొన కత్తిరిస్తే చాలని కూడా కొందరంటున్నారు.

గోదారిగట్టు:
పొడిచేదాన్నే తీయండి. మిగతావాటికి కనపడకుండా మూడు నాలుగు రోజులు వేరే చోట గంప కింద పెడితే దాని పెత్తనం పోతుంది. తిరిగి వదిలాక కొత్త పిల్లలా అడుగు నుంచి మొదలుపెట్టుకోవాలి. దెబ్బతిన్నదాన్ని తీస్తే వారం తర్వాత అదే కొత్తదవుతుంది, మళ్లీ అన్నీ దాని మీదే పడతాయి.

నాటుపెట్ట:
పెత్తనం గొడవైతే మీ మాట నిజమేనండి. కానీ ఎక్కడ పొడుస్తోందో ముందు చూడాలి. పెత్తనం కోసమైతే నెత్తి మీద, జుట్టు మీద పొడుస్తుంది. ఓడిన పిల్ల తల దించుకుని తప్పుకుంటే అక్కడితో సరి. నార్వే శాస్త్రవేత్త షెల్డెరుప్-ఎబ్బె 1920లలో రాసిన పొడుపు వరస అదే. ఇక్కడ దెబ్బలు తోక మొదట్లో. ఇది ఈకలు పీకి తినడం. ఈ వయసులో పాత ఈకలు రాలి కొత్తవి వస్తుంటాయి, లేత ఈక మొదట్లో నెత్తురుంటుంది, విరిగితే కారుతుంది. ఎరుపు కనపడితే చాలు, ప్రతి పిల్లా వచ్చి పొడుస్తుంది. ఒకదాన్ని తీస్తే ఇంకోటి అందుకుంటుంది.

లెక్క చూడండి. 20 చదరపు అడుగుల్లో 25 పిల్లలంటే ఒక్కోదానికి అడుగు కూడా లేదు. ఇప్పటికి కనీసం ఒక అడుగు, ఎనిమిది వారాలు దాటితే రెండు కావాలి. తొట్టి దగ్గర పిల్లకు 7-8 సెంటీమీటర్లు ఉండాలి. రెండువైపులా తినగలిగే అర మీటరు తొట్లు రెండు తెచ్చి చెరో మూల పెడితే ఒక్క పిల్ల రెండింటినీ కాపలా కాయలేదు.

అసలు లోపం మేతలో ఉంది. నూకల్లో మాంసకృత్తులు 8 శాతం దగ్గర, ఈ పిల్లలకు 20 కావాలి. వేరుశనగ చెక్కతో అంకె పెరుగుతుంది గానీ అందులో మిథియోనిన్ (మాంసకృత్తుల్లో ఉండే ఒక అమైనో ఆమ్లం) తక్కువ, ఈక పెరగడానికి కావలసింది అదే. ఎనిమిది వారాల దాకా పిల్లల దాణా కొనక తప్పదు. ఇంట్లో కలిపిన మేతలో కిలోకు 3 గ్రాముల ఉప్పు ఉందో లేదో చూడండి, ఉప్పు తక్కువైనా పొడుచుకుంటాయి.

గోదారిగట్టు:
దాణా కొంటూ పోతే పెరట్లో పెంచి ఏం మిగులుతుంది? చెదలు, ఎండు చేపలు, నీళ్ల మీద పెరిగే అజొల్లా మొక్క ఉన్నాయి కదా.

నాటుపెట్ట:
చెదలు భేషైనవి. అజొల్లాలో ఎక్కువ భాగం నీరే, గుప్పెడు వేస్తే లోటు తీరదు. ఎండు చేప ఉప్పు వేయనిదైతేనే పెట్టండి, ఉప్పు ఎక్కువైతే పిల్లలు చస్తాయి. నేను కొనమన్నది ఎనిమిది వారాల దాకానే.

పశువైద్యం:
ముక్కు జోలికి వెళ్లొద్దు. లేయర్ (గుడ్ల కోళ్ల) ఫారాల్లో వేడి బ్లేడుతో, అదీ మొదటి పది రోజుల్లో చేసే పని అది. ముక్కులో నరాలున్నాయి. ఆరు వారాలప్పుడు గోళ్ల కత్తెరతో కోస్తే నెత్తురు కారుతుంది, నొప్పికి మేత మానేస్తుంది. పైగా పెరటి కోడి పురుగులు ఏరుకునేదీ, పేలు దులుపుకునేదీ ఆ కొనతోనే.

దెబ్బతిన్న మూడింటినీ ఈ రోజే తీయాలి, కానీ గూడు బయటికి కాదు. అదే గూట్లో వల తడిక అడ్డం పెట్టి అవతల ఉంచండి, ఒకదాన్నొకటి మరిచిపోవు. గోరువెచ్చని నీళ్లతో కడిగి పోవిడోన్ అయోడిన్ రాయండి, ఆరాక జెన్షన్ వయొలెట్ అనే ఊదా రంగు మందు పూస్తే ఎరుపు కనపడదు. వేపనూనెలో పసుపు కలిపి రాసినా ఈగలు తగ్గుతాయి, చేదుకి పొడవడమూ తగ్గుతుంది. పుండు పూర్తిగా ఎండాక సందె చీకట్లో మూడింటినీ కలిపే వదలండి. రెట్టలో నెత్తురుంటే అది కాక్సిడియోసిస్ (పేగుల్లో పరాన్నజీవుల వల్ల వచ్చే జబ్బు) కావచ్చు, అప్పుడు మందు వేరు. తోక కింద ఈకల్లో పేలున్నాయేమో కూడా చూడండి. తోటకూర కట్ట తల ఎత్తున వేలాడదీస్తే ముక్కులకు పని దొరుకుతుంది.

గోదారిగట్టు:
తోక దెబ్బల విషయంలో ఒప్పుకుంటున్నాను, ముందు మేత, చోటు. పందెం జాతి పిల్లల సంగతిలో మాత్రం నా మాట మారదు. చోటెంత ఇచ్చినా కూత మొదలయ్యేసరికి జాతి పుంజులు వనరాజలతో కుదురుగా ఉండవు. ఆ అయిదింటికి ఇప్పుడే వేరే గూడు కట్టండి.