చిన్న జిమ్‌లో మెంబరు కనపడకపోతే ఓనరు ఫోన్ చెయ్యాలా, వద్దా?

పాలకొల్లు జిమ్:
మాది మేడ మీద చిన్న జిమ్మండి. మెంబర్లు 125 మంది దాకా ఉంటారు. ఎవరైనా వారం రాకపోతే నేనే ఫోన్ చేసి కనుక్కుంటాను. మా పార్టనరు మాత్రం "ఈ ఫోన్లు ఆపు, సాఫ్ట్‌వేర్ పెడదాం, మెసేజ్ దానంతటదే పోతుంది" అంటున్నాడు. చుట్టుపక్కల టౌన్లలో ఏసీ జిమ్ములు వచ్చేశాయి. వాళ్ల దగ్గరున్న మెషీన్లు మేం కొనలేం. మాకున్న బలం ఈ పలకరింపేనని నా నమ్మకం. మీరేమంటారు?

తణుకు కుర్రోడు:
మీ పార్టనరు మాటే రైటండి. ఫీజు కట్టాక వస్తానో రానో నా ఇష్టం. ఇదివరకు వెళ్లిన జిమ్‌లో రెండ్రోజులు ఆగితే చాలు, ఫోను. "ఏంటి బ్రదర్, కనపట్టం లేదు" అంటారు, ఆ వెంటనే "రెన్యువల్ దగ్గర పడింది" అంటారు. మెసేజ్ అయితే చూసి ఊరుకుంటాం, మొహమాటం ఉండదు.

రొయ్యల చెరువు, భీమవరం:
తమ్ముడూ, అది పలకరింపు కాదు, వసూలు. నా సంగతి వినండి. తెల్లారుజామున చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ టైములో కరెంటు పోయి, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే పంట పోయినట్టే. అయిదింటి బ్యాచ్‌కి ఎలా వస్తాను? మొదట చేరిన చోట నన్ను బద్ధకస్తుడి కింద జమ కట్టేశారు. ఇప్పుడు వెళ్లేచోట ఓనరు నా రొయ్యల పట్టుబడి ఎప్పుడో ముందే అడిగి ఉంచుకుంటాడు. ఆ వారం ఫోన్ చెయ్యడు. అయ్యాక చేసి, "సాయంత్రం రండి, మొదటిరోజు సగం బరువే పెడదాం" అంటాడు. నేను మానకుండా ఉన్నానంటే ఆ మాట వల్లేనండి.

అమలాపురం లేడీస్ బ్యాచ్:
మా ఇబ్బంది కూడా చూడండి. మగ ఓనరు ఇంటికి ఫోన్ చేస్తే అత్తగారికి జవాబు చెప్పుకోవలసింది మేమే. ఇంక వాట్సాప్ గ్రూపు. అందులో చేర్చగానే మా నంబర్లు అందరికీ కనపడతాయి, ముక్కూ మొహం తెలియనివాళ్ల గుడ్ మార్నింగులు మొదలవుతాయి. ఎవరి మెసేజ్ వాళ్లకి విడిగా పోయే బ్రాడ్‌కాస్ట్ లిస్టు పెడితే ఆ బాధ లేదు, కాకపోతే మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. ఏ పనికని నంబరు తీసుకున్నారో ఆ పనికే వాడాలని 2023లో డేటా చట్టం కూడా వచ్చింది కదా. మాకు లేడీ ట్రైనర్ చేత ఫోన్ చేయించండి, చాలు.

రాజోలు ట్రైనర్:
అందరూ మర్యాద గురించే మాట్లాడుతున్నారు. నాకైతే ఇది ముందు ప్రాణాల విషయం. ఇన్సులిన్ వేసుకునే పెద్దాయన ఏమీ తినకుండా వచ్చి ట్రెడ్‌మిల్ ఎక్కితే షుగర్ పడిపోవచ్చు. చెమట పడుతుంది, చేతులు వణుకుతాయి. ఆయన సంగతి తెలియని ట్రైనర్ అది వర్కవుట్ చెమటే అనుకుంటాడు. బీపీ ఉన్నవాళ్లు ఊపిరి బిగబట్టి బరువెత్తితే బీపీ ఒక్కసారిగా పైకి పోతుంది. కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లు మండలం, అంటే 41 రోజులు, చెప్పులు వేసుకోరు. ఒట్టి కాళ్లతో బరువుల ప్లేట్ల దగ్గరికి రానివ్వను. ఒంటిపూట భోజనం మీద భారీ బరువులూ వద్దంటాను. సార్వా ఊడుపులప్పుడు ఎవరు రారో, సంక్రాంతికి ఎవరింటికి చుట్టాలొస్తారో కూడా నాకు తెలుసు. అలాంటి రోజుల్లో ఫోన్ చేస్తే విసిగించినట్టే.

ఇదంతా బుర్రలో నిలవదండి. రాబిన్ డన్బార్ అనే బ్రిటిష్ పరిశోధకుడు 1990లలో చెప్పిన లెక్కలో, ఒక మనిషి నిలుపుకోగల సంబంధాలు సుమారు 150. మీ 125 అందులో పడుతుందనుకోకండి, మన చుట్టాలూ స్నేహితులూ ఆ 150లోనే ఉంటారు. అందుకే నోటుబుక్కు పెట్టాను. మనిషికో పేజీ: మోకాలి నొప్పి, మాత్రలు, ఆఖరిసారి ఎత్తిన బరువు, ఏ రోజుల్లో రాలేడు. ఫోన్ చేసేముందు ఆ పేజీ తీస్తాను. హాజరు, ఫీజు లెక్కలు సాఫ్ట్‌వేర్‌కి వదిలెయ్యండి. మనిషిని కనుక్కోవడం మాత్రం మీరే చెయ్యండి.

పాలకొల్లు జిమ్:
బావుందండి. చేరేటప్పుడే అడుగుతాను: ఫోన్ చెయ్యొచ్చా, ఎవరు చెయ్యాలి, ఏ టైములో? ఆ ఫోన్లో ఫీజు మాట ఎత్తను.

తణుకు కుర్రోడు:
ఫీజు మాట లేకపోతే సరేనండి. అయినా నాలాంటివాళ్ల కోసం "మెసేజ్ చాలు" అనే గడి కూడా ఆ ఫారంలో పెట్టండి.