మ్యాట్‌ప్లాట్‌లిబ్: బంతి కదలదు, కదిలినా నేలలో ఇరుక్కుంటోంది

ప్రశ్న:
మ్యాట్‌ప్లాట్‌లిబ్‌తో (పైథాన్‌లో బొమ్మలు గీసే లైబ్రరీ) గీసిన 10 × 6 పెట్టెలో 0.4 వ్యాసార్ధం బంతి ఎగిరిపడాలి, పక్కన ఒక చతురస్రం తన చుట్టూ తాను తిరగాలి. గురుత్వం 9.8, ఫ్రేముకు 0.02 సెకను. నేల తగిలితే వేగాన్ని −0.9తో గుణిస్తున్నాను. బొమ్మను కదిలించే ఫంక్‌యానిమేషన్‌ను ఒక ఫంక్షన్ లోపల, విండో తెరిచే షోను బయట పిలిస్తే విండో వస్తోంది గానీ బొమ్మ కదలదు. షోను కూడా లోపలికి తెస్తే కదిలింది. కానీ బంతి కోడిగుడ్డులా ఉంది, కాసేపటికి నేలలో దిగబడి వణుకుతోంది.

జవాబు 1:
యానిమేషన్ ఆబ్జెక్టును ఎవరూ పట్టుకుని లేరు కాబట్టి ఫంక్షన్ అయిపోగానే పైథాన్ దాన్ని తీసేస్తుంది, దాంతో టైమరూ ఆగిపోతుంది. ఆబ్జెక్టును రిటర్న్ చేసి, పిలిచిన చోట ఒక వేరియబుల్‌లో ఉంచండి. గుడ్డు సంగతికి సెట్_యాస్పెక్ట్‌లో 'ఈక్వల్' చాలు.

వణుకు మాత్రం లెక్కలోని తప్పే. బంతి వేగం −1.0తో వచ్చి ఎత్తు 0.382 దగ్గర నేలలోకి దిగిందనుకోండి. గుణించాక వేగం 0.9. తర్వాతి ఫ్రేములో గురుత్వం 0.196 తినేస్తే మిగిలేది 0.704, అంటే ఎత్తు 0.396. ఇంకా 0.4 కంటే తక్కువే! మీ షరతు మళ్లీ నిజమై, పైకి వస్తున్న బంతినే కిందికి తోస్తుంది. అందుకే గుర్తు తిప్పకండి. ఎత్తును 0.4కి సరిచేసి, వేగపు పరమమూల్యాన్ని (గుర్తు తీసేసిన విలువను) 0.9తో గుణించి పెట్టండి.

జవాబు 2:
చతురస్రానికి సెట్_యాంగిల్ వాడతారు కదా, అది మామూలుగా ఎడమ కింది మూల చుట్టూ తిప్పుతుంది. రెక్టాంగిల్ తయారుచేసేటప్పుడే రొటేషన్_పాయింట్‌కు 'సెంటర్' ఇవ్వండి (వెర్షన్ 3.6 నుంచి ఉంది). ప్రతి ఫ్రేములో క్లియర్ చేసి కొత్త ఆకారం గీసే అలవాటుంటే మానండి, నెమ్మదిస్తుంది. ఉన్న బంతికే సెంటర్ మార్చితే సరి.

అడిగినవారు:
బంతి బాగుపడింది. వేగం కోసం బ్లిట్‌ను (మారిన భాగాలనే మళ్లీ గీసే పద్ధతి) ట్రూ చేస్తే సీక్వెన్స్ రిటర్న్ చేయమని ఎర్రర్. బ్లిట్ లేనప్పుడు టైటిల్‌లో సమయం మారేది, ఇప్పుడు మారడం లేదు.

జవాబు 1:
ప్రతి ఫ్రేముకూ నడిచే అప్‌డేట్ ఫంక్షన్ నుంచి బంతి, చతురస్రం రెండూ కామాతో రిటర్న్ చేయండి. ఒక్కటే ఉన్నా చివర కామా ఉండాలి. టైటిల్ యాక్సీస్ (బొమ్మ గీసే పెట్టె) బయట ఉంటుంది, బ్లిట్ అక్కడికి పోదు. సమయాన్ని లోపలే టెక్స్ట్‌గా రాసి, దాన్నీ రిటర్న్‌లో కలపండి. ఇనిట్_ఫంక్ (మొదటి బొమ్మ గీసే ఫంక్షన్) కూడా ఇవ్వండి, లేకపోతే మొదటి బొమ్మ కోసం అప్‌డేట్‌నే ఒకసారి అదనంగా పిలుస్తుంది, మీ బంతి ఒక అడుగు ముందే పడుతుంది.