అమ్మాయికి గోధుమ ఇప్పుడే మాన్పించాలా, ముందు సీలియాక్ పరీక్ష చేయించాలా?

ప్రశ్న (రాయగడ నుంచి ఒక తల్లి)

మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు. ఏడాదిగా ఎత్తు, బరువు రెండూ కదలడం లేదు. కడుపు ఉబ్బరంగా ఉంటుంది. విరేచనం పాలిపోయి జిడ్డుగా ఉండి, ఎన్ని చెంబుల నీళ్ళు పోసినా వదలదు. హిమోగ్లోబిన్ 8 దగ్గరే ఉంది, ఐరన్ సిరప్ ఎంత కాలం వాడినా పెరగడం లేదు. నులిపురుగుల మందు కూడా వేశాం. ఇక్కడ చూపించిన డాక్టరుగారు ఇది గోధుమ పడకపోవడం కావచ్చు, నెల రోజులు చపాతీలు మాన్పించి చూడండి అన్నారు. భిలాయిలో ఉండే మా ఆడపడుచు మాత్రం ముందు సీలియాక్ వ్యాధికి రక్తపరీక్ష చేయించమని పట్టుబడుతోంది. మా ఇంట్లో పొద్దున ఉప్మా, మధ్యాహ్నం అన్నం, రాత్రి చపాతీ; వేసవిలో చోడి అంబలి. ఏది ముందు చేయాలో తెలిసినవారు దయచేసి చెప్పండి.

సమాధానం (పర్లాకిమిడి)

మాన్పించి చూడడంలో నష్టమేముందమ్మా? మనం అన్నం తినేవాళ్ళం. పది రోజుల్లో తగ్గితే అదే రుజువు, తగ్గకపోతే మళ్ళీ పెట్టవచ్చు.

సమాధానం (జయపురం, పిల్లల వైద్యుడు)

పై సలహాతో నేను ఏకీభవించలేను. సీలియాక్ వ్యాధిలో గోధుమ, బార్లీలలోని గ్లూటెన్‌కు ప్రతిచర్యగా శరీరం ప్రతిరక్షకాలను తయారు చేసుకుంటుంది, చిన్నపేగు లోపలి చూషకాలు (ఆహారసారాన్ని పీల్చుకునే సన్నని మొలకలు) అరిగిపోతాయి. గ్లూటెన్ ఆపేస్తే ఆ ప్రతిరక్షకాలు తగ్గుతాయి, చూషకాలు మళ్ళీ పెరుగుతాయి, కాబట్టి ఆ తర్వాత చేసే పరీక్షలో వ్యాధి ఉన్నా లేనట్టే కనిపించవచ్చు. మానేసిన పిల్లకు పరీక్ష కోసం తిరిగి ఆరు వారాలపాటు రోజూ గోధుమ పెట్టవలసి వస్తే, కడుపునొప్పితో ఏడ్చే పిల్లను చూస్తూ పెట్టడం ఏ తల్లికైనా కష్టం. పైగా గోధుమ ఆపగానే ఉబ్బరం తగ్గడం రుజువు కాదు. గోధుమలోని ఫ్రక్టాన్ అనే పిండిపదార్థం పడనివారికీ అలాగే తగ్గుతుంది.

కాబట్టి చపాతీ, ఉప్మా ఆపకుండా టీటీజీ ఐజీఏ అనే రక్తపరీక్ష చేయించండి, ఇది సీలియాక్‌లో పుట్టే ఐజీఏ రకం ప్రతిరక్షకాలను చూస్తుంది. దానితోపాటే ఒంట్లో మొత్తం ఐజీఏ ఎంతుందో కూడా అడిగి చేయించండి. సీలియాక్ రోగులలో రెండు మూడు శాతం మందికి ఐజీఏ లోపిస్తుంది, వారిలో టీటీజీ ఐజీఏ పరీక్ష వ్యాధి ఉన్నా నెగటివ్‌గానే రావచ్చు. అప్పుడు ఐజీజీ అనే మరో రకం ప్రతిరక్షకాల పరీక్షలు చూడాలి.

ఇక్కడ ఇంకొక మాట. 2016లో వెలువడిన ఒక సర్వేలో ఈ ప్రతిరక్షకాలు ఉత్తర భారతంలోని పెద్దవారిలో 1.23 శాతం మందికి, దక్షిణాదిలో 0.10 శాతం మందికి కనిపించాయి. అందువల్ల మనవైపు సీలియాక్ ఒక్కటే పట్టుకుని కూర్చోకూడదు. జియార్డియా అనే పేగు పరాన్నజీవి ఉంటే అచ్చం ఇలాగే జిడ్డు విరేచనం అవుతుంది. అది ప్రతి విరేచనంలోనూ పడదు కనుక వేర్వేరు రోజుల్లో మూడు నమూనాలు చూపించాలి. ట్రాపికల్ స్ప్రూ అనే, ఉష్ణదేశాల్లో వచ్చే పేగు జబ్బులో బీ12, ఫోలేట్ విటమిన్లు తగ్గి ఎర్రకణాలు పెద్దవవుతాయి, ఐరన్ లోపంలో చిన్నవవుతాయి. కాబట్టి మీ పాత రక్తపరీక్ష కాగితంలో ఎంసీవీ (ఎర్రకణాల సగటు పరిమాణం) ఎంతుందో చూసి చెప్పండి. సాయంత్రం జ్వరం వస్తూ బరువు తగ్గుతుంటే పేగు క్షయ గురించి ఆలోచించాలి. విరేచనంలో నూనె తేలుతుంటే క్లోమగ్రంథికి సంబంధించిన ఎలాస్టేజ్ పరీక్ష అవసరం కావచ్చు.

సమాధానం (బరంపురం)

మా అబ్బాయికి సీలియాక్ నిర్ధారణ అయింది కాబట్టి చెబుతున్నానమ్మా, నిర్ధారణకు ఎండోస్కోపీ (నోటి ద్వారా గొట్టం పంపి పేగును చూడడం) చేయాలంటే భయపడకండి. పరగడుపున తీసుకెళ్తే మత్తు ఇచ్చి చేస్తారు. చిన్నపేగు మొదటి భాగం నుంచి ముక్కలు తీస్తారు; కనీసం నాలుగు తీయమని, చూషకాలు అరిగిపోవడం అక్కడక్కడే ఉంటుందని మాకు చెప్పారు. నిర్ధారణ అయ్యాక చోళ్ళు, జొన్నలు, కొర్రలు అన్నీ పెట్టుకోవచ్చు. కానీ గోధుమ పట్టిన మరలోనే చోళ్ళు పట్టిస్తే పిండిలో గోధుమ కలుస్తుంది. మేము చాలా రోజులు గమనించనిది ఇంగువ: డబ్బా ఇంగువలో ఎక్కువగా గోధుమపిండే కలుపుతారు. పులిహోరలోనూ చారులోనూ అదే.

ప్రశ్న అడిగిన తల్లి

ఎంసీవీ 64 ఉంది. జ్వరం లేదు. విజయనగరంలో పరీక్ష చేయించాం. టీటీజీ ఐజీఏ నెగటివ్ అని వచ్చింది. మొత్తం ఐజీఏ ఆ ల్యాబ్‌లో చేయరట. ఇక సీలియాక్ కానట్టేనా? పరీక్ష దాకా చపాతీ రోజూ పెట్టాను.

సమాధానం (జయపురం, పిల్లల వైద్యుడు)

మీ చేతిలో ఉన్నది సగం రిపోర్టే. మొత్తం ఐజీఏ తెలియకుండా ఆ నెగటివ్‌కు పూర్తి విలువ ఇవ్వలేం. పంపించి చేయించే సౌకర్యం ఆ ల్యాబ్‌కు ఉందేమో కనుక్కోండి, లేకపోతే విశాఖలో ఇవ్వండి. ఎంసీవీ 64 అంటే కణాలు చిన్నవే, కాబట్టి స్ప్రూ వైపు అంతగా మొగ్గడం లేదు. కానీ మన ప్రాంతంలో తలసీమియా, సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తజబ్బులు కూడా ఉన్నాయి కనుక ఫెరిటిన్ (ఐరన్ నిల్వ), హిమోగ్లోబిన్ ఎలక్ట్రోఫోరెసిస్ (హిమోగ్లోబిన్ రకాలను వేరుచేసి చూసే పరీక్ష) ఒకసారి చూడడం మంచిది. మల నమూనాలు ఈ వారమే మొదలుపెట్టండి, వాటికి ప్రయాణం అక్కరలేదు. జియార్డియా దొరికితే మందు వేసి బరువు పెరుగుతుందేమో చూద్దాం. పెరగకపోతే, ఐజీఏ సరిగానే ఉన్నా సరే, చిన్నపేగు బయాప్సీ గురించి జీర్ణకోశ నిపుణులతో మాట్లాడవలసి ఉంటుంది. ట్రాపికల్ స్ప్రూలోనూ చూషకాలు కురచబడతాయి కనుక, బయాప్సీ చూసేవారికి ఈ రక్తపరీక్షల కాగితాలన్నీ చూపించండి. అంతవరకు చపాతీ ఆపకండి.