రూమ్‌మేట్‌కి తెలుగు బైబిల్ కావాలి, తక్కువలో ఎక్కడ దొరుకుతుంది?

డెంటన్ నుంచి:

అక్కలకీ అన్నలకీ నమస్తే. ఈ ఆగస్టులోనే ఎమ్మెస్‌కి అమెరికా, డాలస్ దగ్గర డెంటన్‌కి వచ్చాను, మాది ఖమ్మం దగ్గర. నా రూమ్‌మేట్‌ది ఒంగోలు. మూడు వారాల కింద వాళ్ళ నాన్నగారు పోయారు. టికెట్‌కి డబ్బుల్లేక వెళ్ళలేకపోయింది, అంత్యక్రియలు వీడియో కాల్‌లో చూసింది. అప్పట్నుంచి సరిగా తినట్లేదు, క్లాసులకి రావట్లేదు, రాత్రి ఎప్పుడు లేచినా మేలుకునే ఉంటోంది. మొన్న ఏదో మాటల్లో "బైబిల్ సూట్‌కేసులో పెట్టి, బరువు ఎక్కువైందని మళ్ళీ తీసేశాను" అని ఏడ్చింది. ఒకటి కొనిద్దామని ఆన్‌లైన్‌లో చూస్తే నలభై డాలర్ల పైనే చూపిస్తోంది, ఈ నెల నాకు అంత కుదరదు. మేము హిందువులం, ఏది కొనాలో కూడా తెలియదు. అసలు నేను ఇస్తే ఏమైనా అనుకుంటుందా?

ఇర్వింగ్ నుంచి:

ఏమీ అనుకోదు తల్లీ. మా అమ్మ పోయినప్పుడు నాకు నాలుగు రోజులు అన్నం వండి పెట్టింది పై ఫ్లాట్‌లో ఉండే హైదరాబాద్ ముస్లిం ఆవిడ, ఇప్పటికీ మా ఇంట్లో ఆవిడ పేరు ఎత్తని పండగ లేదు.

నలభై డాలర్లు మాత్రం పెట్టకు. ఇండియాలో బైబిల్ సొసైటీ వాళ్ళ తెలుగు బైబిల్ కొన్ని వందల రూపాయలకి వస్తుంది, ఇక్కడ నువ్వు చూసిన రేటులో చాలా భాగం దారి ఖర్చే. ఇండియా నుంచి విడిగా పార్సిల్ వేయించినా అంతే, పుస్తకం కన్నా పోస్టేజీ ఎక్కువవుతుంది. ఎవరైనా వస్తుంటే వాళ్ళ 23 కిలోల పెట్టెలో ఆవకాయ పక్కన పెట్టించుకోవడం ఒక్కటే చవక, కానీ నీకు ఇప్పుడే కావాలి కదా. డాలస్ చుట్టుపక్కల తెలుగులో ఆరాధన జరిగే చర్చిలు చాలానే ఉన్నాయి. ఒకదానికి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పు, ఒక స్టూడెంట్‌కి తండ్రి పోయాడు, తెలుగు బైబిల్ కావాలి అని. దానికి డబ్బులు అడిగినవాళ్ళని పద్నాలుగేళ్ళలో నేను చూడలేదు. కాకపోతే ఒక మాట, మంచి మనసుతోనే "పదిమందిమి వచ్చి ప్రార్థన చేస్తాం" అంటారు, ఆ అమ్మాయిని అడక్కుండా సరే అనకు. మూడు వారాలుగా నిద్రలేని పిల్ల రూమ్‌లోకి పదిమంది కొత్తవాళ్ళు వస్తే ఎలా ఉంటుందో ఆలోచించు.

ఇక ఏ బైబిల్ అన్నది. వాళ్ళది ఏ సంఘమో మెల్లగా అడుగు. ఆర్‌సీఎం, అంటే రోమన్ క్యాథలిక్ అయితే వాళ్ళ బైబిల్ వేరు, అందులో 73 పుస్తకాలుంటాయి, మిగతావాళ్ళ దాంట్లో 66. ఒంగోలు అంటే బాప్టిస్టులు కావచ్చని నా ఊహ. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర 1866లో వచ్చి మిషన్ నడిపిన ఊరది, కరువు ఏళ్ళ వెనకే 1878లో ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారని మా తాతయ్య కథలా చెప్పేవాడు. అయినా ఊహ మీద పోవద్దు, అడిగేయి. ఆర్‌సీఎం కాకపోతే "ఓ.వి. కావాలి" అని చెప్పు, అంటే పాత అనువాదం. వాడుక భాషలో కొత్తవి వచ్చాయి, చదవడానికి తేలికే, కానీ చిన్నప్పట్నుంచి ఇంట్లో విన్నది ఓ.వి. అయితే మాట మారితే చెవికి ఎక్కదు. నాకైతే 23వ కీర్తన వాడుక భాషలో చదివితే ఎవరో పక్కింటివాళ్ళ కీర్తనలా ఉంటుంది.

డాలర్ ట్రీలో ఇంగ్లిష్ బైబిల్ ఒకటి రెండు డాలర్లకి కనిపిస్తుంది, చవకని అది తెచ్చేయకు. సాధారణంగా అది కింగ్ జేమ్స్, 1611 నాటి ఇంగ్లిష్. మామూలు రోజుల్లోనే కష్టం, ఇప్పుడు ఆ పిల్లకి ఏం ఎక్కుతుంది.

పుస్తకం దొరికేలోపు యూవర్షన్ వాళ్ళ బైబిల్ యాప్ ఫ్రీ, తెలుగు ఓ.వి. ఉంటుంది. చదివే ఓపిక లేకపోతే బైబిల్ డాట్ ఈజ్ అని ఇంకో యాప్ ఉంది, తెలుగులో వినొచ్చు. రాత్రిళ్ళు నిద్ర పట్టనివాళ్ళకి చదవడం కన్నా అదే నయం.

ఇప్పుడు నువ్వు అడగనిది చెబుతాను, కోప్పడకు. బైబిల్ ఇవ్వు, కానీ దాంతో ఆగకు. క్లాసులకి రావట్లేదు అన్నావు చూడు, నాకు టెన్షన్ అక్కడే. నేను చదివేటప్పుడు మా బ్యాచ్‌లో ఒకమ్మాయి ఇలాగే డిప్రెషన్‌లో ఎవరికీ చెప్పకుండా రెండు సబ్జెక్టులు డ్రాప్ చేసేసింది, తర్వాత వీసా స్టేటస్ గొడవ, ఆ బాధకి ఈ బాధ తోడు. ఎఫ్-1, అంటే స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు ఆరోగ్యం బాగాలేకపోతే తక్కువ క్రెడిట్స్ చెయ్యొచ్చు, దాన్ని రెడ్యూస్డ్ కోర్స్ లోడ్ అంటారు, ఒక డిగ్రీకి మొత్తం మీద 12 నెలల వరకు ఇస్తారు. డాక్టర్ దగ్గర్నుంచో లైసెన్స్ ఉన్న సైకాలజిస్టు దగ్గర్నుంచో లెటర్ కావాలి, మామూలు కౌన్సిలర్ లెటర్ చాలకపోవచ్చు. ముందు ఇంటర్నేషనల్ ఆఫీసులో డీఎస్ఓ, అంటే మన వీసా వ్యవహారాలు చూసే యూనివర్సిటీ ఆఫీసరు ఓకే చెయ్యాలి, ఆ తర్వాతే డ్రాప్. ఈ వరస తప్పొద్దు.

యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటర్‌కి నువ్వే వెంట తీసుకెళ్ళు. మామూలుగా మన ఫీజుల్లోనే ఆ డబ్బు కట్టేసి ఉంటాం. "వీసాకి ఏమైనా అవుతుందా" అని భయపడుతుంది, అందరూ భయపడతారు. కౌన్సెలింగ్‌కి వెళ్ళినంత మాత్రాన వీసా పోదు. ఇంకోటి, బతకాలని లేదు అన్నట్టు ఒక్క మాట అన్నా తేలిగ్గా తీసుకోకు, ఆత్మహత్య ఆలోచనలకి సాయం చేసే హెల్ప్‌లైన్ 988కి కాల్ చెయ్యి, మెసేజ్ అయినా చెయ్యొచ్చు, పగలూ రాత్రీ పనిచేస్తుంది. "చచ్చిపోవాలనిపిస్తోందా" అని నువ్వు నేరుగా అడగొచ్చు కూడా, అడిగితే లేని ఆలోచన వస్తుందని మనవాళ్ళు అనుకుంటారు గానీ అలా ఏమీ కాదు.

డెంటన్ నుంచి:

థాంక్స్ అక్కా. మీరన్నట్టే బాప్టిస్టులట, ఓ.వి.యే. ఆ చివరిది కూడా అడిగాను, చేతులు వణికాయి అడిగేటప్పుడు. అలాంటిదేం లేదంది, కానీ నేను అడిగాక చాలాసేపు మాట్లాడింది. కౌన్సెలింగ్‌కి గురువారం పదకొండింటికి దొరికింది, ఇద్దరం వెళ్తున్నాం. యాప్ ముందే తన ఫోన్‌లో ఉందట. ఫోన్‌లో చదవబుద్ధి కావట్లేదు అంది, వాళ్ళ నాన్నగారు పెన్సిల్‌తో గీతలు పెట్టుకుంటూ చదివేవారట.

ఫ్రిస్కో నుంచి:

చెల్లెమ్మా, చర్చిలకి ఫోన్లు ఆపు. మా ఇంట్లో ఓ.వి. రెండున్నాయి. ఒకటి మా నాన్నది, 2016లో మమ్మల్ని చూడ్డానికి వచ్చి వదిలేసి వెళ్ళాడు, అచ్చు పెద్దది. కవరు జిప్పు ఊడిపోయింది, రబ్బరు బ్యాండ్ వేసి ఉంచాం, పేజీలన్నీ ఉన్నాయి. ఆయన గీతలు కూడా కొన్ని ఉన్నాయి, బాల్‌పెన్‌తో. వేరేవాళ్ళ గీతలు వద్దంటే రెండోది కొత్తదే, కాకపోతే అక్షరాలు చీమల్లా ఉంటాయి. ఏది కావాలో అడిగి చెప్పు, శనివారం పిల్లాడి టోర్నమెంట్‌కి అటే వస్తున్నాం, ఇచ్చేసి పోతాం. డబ్బుల ఊసెత్తకు. అడ్రస్ అందరూ చూసేలా ఇక్కడ పెట్టకు, నాకు విడిగా పంపు. మా ఆవిడ పులిహోర చేసి ఇస్తానంటోంది, తనకి పల్లీలు పడతాయో లేదో కనుక్కో.