మడత చాకు ఎలా పెట్టుకోవాలి: జేబు క్లిప్పా, తోలు ఒరా, బెల్టు ఒరా?

ప్రశ్న:
పార్శిళ్లు విప్పడానికి, తాళ్లు కోయడానికి రోజూ దగ్గర ఉంచుకునే మడత చాకు గురించి అడుగుతున్నాను. మూస్తే 11 సెం.మీ. పొడవు, 115 గ్రాముల బరువు. లైనర్ లాక్ (పిడి లోపలి లోహపు రేకు, అంటే లైనర్, తెరిచిన బ్లేడుకి అడ్డుపడి ఆపే రకం), జీ-10 (గాజు నార పలక) పిడి. క్లిప్పు పిడి తోక దగ్గర ఉంది, ఒక పక్కనే బిగించే వీలుంది. కుడి జేబులో ఫోను ఉంటుంది కాబట్టి ఎడమ జేబుకి తగిలిస్తున్నాను. ఒక్కోసారి చెయ్యి పెట్టేసరికి బ్లేడు కాస్త లేచి ఉంటోంది. జేబు అంచు కూడా పీచులేస్తోంది. క్లిప్పు తీసేసి తోలు ఒరకి మారితే మంచిదా?

జవాబు:
ఒర సంగతి తర్వాత. ముందు ఎడమ జేబులో పెట్టడం ఈరోజే ఆపేయండి.

మూసిన చాకుని చేతిలోకి తీసుకుని చూడండి. బ్లేడు వెన్ను, అంటే పదును లేని అంచు, పిడికి ఒక పక్కన బయటికి కనబడుతుంది, బ్లేడు లేచేది ఆ పక్కకే. క్లిప్పు తోక దగ్గర ఉంది కాబట్టి జేబులో బ్లేడు తిరిగే ఇరుసు కిందికి, మొన పైకి ఉంటాయి. ఇలాంటి చాకుని కుడి జేబులో వెనక కుట్టు దాకా జరిపి తగిలిస్తే బ్లేడు వెన్ను ఆ కుట్టుకి ఆనుకుంటుంది. లేవబోయినా బట్ట లేవనివ్వదు. అదే క్లిప్పుతో ఎడమ జేబుకి మార్చారంటే చాకు అటుది ఇటు తిరిగిపోతుంది. వెన్ను ముందుకి, అంటే మీరు చెయ్యి దూర్చే ఖాళీ వైపుకి వస్తుంది. మొన ఎలాగూ పైకే ఉంది. బ్లేడు ఒక్క సెంటీమీటరు లేచినా వేళ్లు నేరుగా దాని మీదకే వెళ్తాయి.

ఎడమ జేబే కావాలంటే క్లిప్పు రెండో పక్కకి మారే చాకు తీసుకోవాలి. ఈ చాకే ఉంచుకుంటే ఫోనుని ఎడమకి మార్చడం తేలిక.

జేబు మారిస్తే సగం పనే అయినట్టు. లైనర్ లాక్ చాకు మూసి ఉండేది లైనర్ మీదున్న చిన్న ఉక్కు గోలీ వల్ల. అది బ్లేడు మడమలోని, అంటే ఇరుసు దగ్గరి భాగంలోని, గుంటలో కూర్చుంటుంది. ఆ పట్టు చూడాలంటే చాకు మూసి, బ్లేడు బయటికొచ్చే గాడి నేల వైపు ఉండేలా పట్టుకోండి. వేళ్లు బ్లేడు దారిలోగానీ లాక్ మీదగానీ ఉండకూడదు, కింద కాళ్లూ ఉండకూడదు. మణికట్టుతో మెల్లగా పదిసార్లు కుదపండి. బ్లేడు తన చోటు నుంచి వెంట్రుకవాసి కదిలినా ఆ చాకు జేబుకి పనికిరాదు, ఒరలో పెట్టినా సరే.

అడిగినవారు:
కుదిపాను. నాలుగోసారికే బ్లేడు కొద్దిగా లేచింది. ఇరుసు మర బిగిస్తే సరిపోతుందా?

జవాబు:
చాలాసార్లు సరిపోతుంది, కానీ ముందు శుభ్రం చేయండి. జేబు నూగు నూనెతో కలిసి గుంటలో ముద్దగా చేరితే గోలీ పూర్తిగా దిగదు. బ్లేడు సగం తెరిచి, దూదిపుల్లని స్పిరిటులో ముంచి గుంటనీ గోలీనీ తుడవండి. ఆరాక ఇరుసుకి ఒక చుక్క నూనె చాలు. ఎక్కువ వేస్తే అదే మళ్లీ నూగుని పట్టేస్తుంది.

తర్వాత ఇరుసు మరని చుట్టులో ఎనిమిదో వంతు తిప్పి, మళ్లీ కుదిపి చూడండి. చాలకపోతే ఇంకో ఎనిమిదో వంతు. బ్లేడు పక్కలకి ఊగకూడదు, తెరవడానికి బలమూ పట్టకూడదు. అంతవరకు వచ్చాక కూడా లేస్తుంటే గోలీ నొక్కుడే తక్కువని అర్థం. లైనర్ వంచితే బాగవుతుందని చాలామంది చెబుతారు. మీరు మాత్రం ఆ పని చేయకండి. వంపు తేడా వస్తే తెరిచినప్పుడు లాక్ పడే చోటు మారిపోతుంది, అప్పుడు చాకు పని మధ్యలో మీ వేళ్ల మీదే మూసుకుంటుంది. తయారీదారుకి పంపడమే దారి.

ఇంకొకరి జవాబు:
జేబు అంచు గురించి. బట్టని తినేది క్లిప్పు కాదు, దాని కింద ఉన్న జీ-10 గరుకు. అది గాజు నార, ఎపాక్సీ కలిసిన పలక. పట్టుకి బాగుంటుంది గానీ బట్టకి గరుకుకాగితంతో సమానం. క్లిప్పు విప్పి, దాని కొస ఆనే చోట ఒక సెంటీమీటరు మేర మాత్రమే 400 నంబరు, ఆపైన 600 నంబరు నీటి గరుకుకాగితంతో రుద్దండి. తడిపే రుద్దాలి, ముక్కుకి మాస్కు ఉండాలి. ఆ పొడిలో గాజు నార ఉంటుంది, ఊపిరితిత్తులకి చెడు. మిగతా పిడి జోలికి వెళ్లకండి, చేతికి పట్టు కావాలిగా.

క్లిప్పు మరలు ఎక్కువగా టార్క్స్ టీ-6 తల మరలు, అంటే తలలో ఆరు మొనల నక్షత్రం గాడి ఉన్నవి. అలెన్ కీ దూర్చి తిప్పితే తల అరిగి గుండ్రమైపోతుంది, ఇక ఊడిరావు. తిరిగి బిగించేటప్పుడు మరనీ రంధ్రాన్నీ స్పిరిటుతో తుడిచి, పంటిపుల్ల కొసతో నీలం రంగు థ్రెడ్ లాకర్ (మర వదులు కాకుండా పట్టే జిగురు) అంటించండి. ఆవగింజంత చాలు. ఎరుపు రంగుది వద్దు, అది ఊడాలంటే వేడి చేయాలి, ఆ వేడికి పిడి పాడవుతుంది. స్క్రూడ్రైవరుని రెండు వేళ్లతో పట్టుకుని తిప్పితే వచ్చే బలం చాలు. పిడికిలితో తిప్పితే అంత సన్నని మర తెగిపోతుంది. ఒక రోజు ఆరనిచ్చి వాడండి.

మూడోవారి జవాబు:
క్లిప్పు కోసం ఇంత శ్రమ పడటం కన్నా ఒర నయం అనిపిస్తుంది నాకు. 1981లో స్పైడర్‌కో కంపెనీ చాకుకి క్లిప్పు పెట్టి తెచ్చేదాకా మడత చాకులు జేబు అడుగునో ఒరలోనో ఉండేవి. కుర్చీ చెయ్యి గీరుకోదు, బట్ట చిరగదు, చాకు ఉందని ఎదుటివారికి తెలియదు.

కుట్టుకోవాలంటే 1.5 నుంచి 2 మి.మీ. మందం తోలు తీసుకోండి. రెండు ముక్కల ఒరకి కొలత ఇది: చాకు వెడల్పు, మందం కలిపి, కుట్టుకి రెండు పక్కలా 5 మి.మీ. చొప్పున చేర్చండి. 28 మి.మీ. వెడల్పు, 12 మి.మీ. మందం ఉంటే 50 మి.మీ. అవుతుంది. చాలామంది మందం లెక్కలో మరిచిపోతారు, కుట్టాక చాకు దూరదు. పిడి 15 మి.మీ. బయటికి ఉంటే రెండు వేళ్లతో లాగొచ్చు. కుట్టాక తోలుని తడిపి, చాకుని పల్చటి ప్లాస్టిక్‌లో చుట్టి లోపల పెట్టి, చుట్టూ నొక్కి ఆరనిస్తే ఆకారం పడుతుంది.

మొదటి జవాబు ఇచ్చినవారు:
ఒర మంచిదే, కానీ ఈ చాకుకి కాదు. 115 గ్రాములు జేబు అడుగున వదులుగా ఉంటే నడిచినప్పుడల్లా తొడకి కొడుతుంది, పల్చటి బట్ట కిందికి లాగేస్తుంది. జేబు ఒర 60 గ్రాముల లోపు, వెన్నులో స్ప్రింగు ఉన్న చాకులకి అతికినట్టుంటుంది. క్లిప్పు వద్దనుకుంటే ఇంత బరువుకి మూత ఉన్న బెల్టు ఒర సరైనది. అదీ అడ్డంగా ఉండేది. నిలువుది కూర్చున్నప్పుడల్లా పొట్టలోనో తుంటిలోనో గుచ్చుకుంటుంది.

ఏ తోలు ఒరైనా వెంట తీసుకెళ్లడానికే, దాచడానికి కాదు. తోలు చెమ్మ పట్టుకుంటుంది. కార్బన్ స్టీలు బ్లేడుని నెలల తరబడి అందులో ఉంచితే తుప్పు పడుతుంది, ఇత్తడి భాగాలకి ఆకుపచ్చ చిలుము పడుతుంది.

అడిగినవారు:
గుంట నిండా నూగే ఉందండి. తుడిచి, ఎనిమిదో వంతు బిగించాక పదిసార్లు కుదిపినా కదల్లేదు. ఫోను ఎడమకి మార్చాను. ప్యాంటు వెనక జేబుకి తగిలించవచ్చా?

జవాబు:
వద్దు. కూర్చుంటే బరువంతా క్లిప్పు మీద పడి అది వంగుతుంది, కుర్చీ చిరుగుతుంది. పైగా వెనక ఉన్నది జారిపోయినా తెలియదు. కుడి ముందు జేబు, వెనక కుట్టు పక్కన, అంతే. ఆ జేబులో నాణేలూ తాళంచెవులూ వేయకండి. చెవి కొస గాడిలో దూరి బ్లేడుని లేపగలదు.

నెలకోసారి గుంట తుడిచి, కుదుపు పరీక్ష మళ్లీ చేయండి. విమానం ఎక్కే రోజు మాత్రం చాకుని చెక్-ఇన్ పెట్టెలోకి మార్చాలి, చేతి సంచిలో ఉంటే తనిఖీలో తీసేసుకుంటారు. బ్లేడు పొడవు మీదా, లాక్ మీదా, కనబడకుండా పెట్టుకోవడం మీదా చట్టాలు ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటాయి. మీరుండే చోట ఏముందో ముందే చూసుకోండి.