మైపాడు, పెన్న మొగ వైపు పెద్దవాళ్లు నడవగలిగే చదును దారులు చెప్పండి

చిన్నబజారు_నడక:
అందరికీ నమస్కారం. నెల్లూరు నుంచి పొద్దున్నే బయల్దేరి మధ్యాహ్నానికి ఇల్లు చేరేలా, సముద్రం పక్కన నాలుగైదు కిలోమీటర్ల నడక కావాల. వచ్చేవాళ్లంతా అరవై దాటినవాళ్లు, ఇద్దరికి మోకాళ్ల నొప్పులు. ఎక్కుడు దిగుడు, కాలువలు దాటే పని ఉండకూడదు. పెన్న సముద్రంలో కలిసేచోటు చూడాలని వాళ్ల కోరిక. మైపాడు నుంచి ఒడ్డెంబడే ఉత్తరానికి పోతే మొగ వస్తుందంటున్నారు, నడవగలరా? లేకుంటే ఒంగోలు దిక్కు కొత్తపట్నం మేలా? ఏ టైముకి పోవాల, కాళ్లకేం వేసుకోవాల?

తిప్పమీద_తాడి:
మైపాడు నుంచి మొగకి ఒడ్డెంబడి సుమారు 10 కిలోమీటర్లు. పోయి రావడానికి 20. మీ గుంపుకి కుదరదు, ఆ ఆలోచన వదిలేయండి. నడక మైపాడులో పెట్టుకోండి, మొగ చూడటానికి ఇంకోరోజు బండిలో పోండి.

మైపాడుకి నెల్లూరు నుంచి ఆర్టీసీ బస్సులున్నాయి. ఒడ్డుకి చేరాక ఏదో ఒక దిక్కుకి రెండు కిలోమీటర్లు పోయి, పోయిన దారినే వెనక్కి రండి. చుట్టు తిరిగి వేరే దారిలో వద్దామని మాత్రం చూడొద్దు. ఇసుక దిబ్బల వెనక సర్వి తోటలు, ఆ వెనక రొయ్యల గుంటలు, బకింగ్‌హాం కాలువ. ఫోన్ మ్యాపులో దారిలాగా కనిపించేది చాలాచోట్ల గుంట గట్టే. పోయి పోయి మోటారు షెడ్డు దగ్గర ఆగిపోతుంది. అక్కడ కరెంటు వైర్లు, కాపలా కుక్కలు. పైగా సొంతదారుణ్ని అడక్కుండా గుంటల్లోకి మనుషులు వస్తే వాళ్లకి నచ్చదు, రొయ్యలకి రోగాలు అంటుకుంటాయని భయం. ఆ భయంలో తప్పేం లేదు కూడా.

నేల చదునే గదా, కష్టమేముంది అనుకుంటారు గానీ కష్టమంతా ఇసుకలో ఉంది. పొడి ఇసుకలో నడవడానికి గట్టినేల మీదకన్నా రెట్టింపు పైనే శ్రమ. మోకాలికన్నా ముందు పిక్కలు పట్టేస్తాయి. అల వచ్చి వెనక్కి తీసిన తడి పట్టీ మీదే నడవాల. మడమ అర అంగుళానికి మించి దిగకపోతే అదే సరైన చోటు. ఒడ్డు సముద్రం వైపు వాలి ఉంటుంది కాబట్టి ఉత్తరానికి పోయేటప్పుడు కుడికాలు పల్లంలో పడుతుంది, తిరిగొచ్చేటప్పుడు ఎడమకాలు. పోయిన దారినే రమ్మనడానికి ఇదొక కారణం, బరువు ఒక మోకాలి మీదే పడకుండా సరిపోతుంది.

పోటూపాటూ:
పై అన్న చెప్పిన తడి పట్టీ ఎంత వెడల్పు దొరుకుతుందో గోడమీది క్యాలెండర్ చూసి చెప్పొచ్చు. మన తీరంలో రోజుకి రెండు పోట్లు (నీళ్లు పైకి రావడం), రెండు పాట్లు (నీళ్లు వెనక్కి తీయడం). పోటుకీ పోటుకీ మధ్య 12 గంటల 25 నిమిషాలు, అంటే రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు నిండేది రమారమి ఉదయం 8, 9 మధ్య. నీళ్లు బాగా తీసేది మధ్యాహ్నం రెండున్నర, మూడు అప్పుడు. అష్టమి నాటికి ఇది తిరగబడి, ఉదయం ఎనిమిది ప్రాంతంలో పాటు ఉంటుంది.

చాలామంది పౌర్ణమి చూసుకుని బయల్దేరతారు. ఆరున్నరకి మొదలుపెడితే పోయేటప్పుడు గట్టి ఇసుక దొరుకుతుంది, వచ్చేసరికి నీళ్లు పైకొచ్చి పొడి ఇసుకలోకి నెట్టేస్తాయి. అలసిపోయిన కాళ్లకి కష్టమైన దారి మిగులుతుంది. పెద్దవాళ్లకి అష్టమి, నవమి ఉదయాలే మంచివి. ఆ రోజుల్లో పోటుకీ పాటుకీ తేడా తక్కువ, పౌర్ణమికి మీటరు దాకా ఉండేది సగానికి పడిపోతుంది. పట్టీ మరీ వెడల్పుండదు గానీ మూడు గంటలపాటు పెద్దగా మారదు. గాలి, వాయుగుండం ఉంటే ఈ లెక్కలన్నీ తప్పుతాయి. బయల్దేరే ముందురోజు ఇన్‌కాయిస్ (కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ) వాళ్ల అలల హెచ్చరిక ఒకసారి చూసుకోండి.

గాలి సంగతి కూడా చూసుకోవాల. డిసెంబరు, జనవరిల్లో ఈశాన్యపు గాలి, ముందు ఉత్తరానికి పోండి. ఏప్రిల్, మేలో దక్షిణపు గాలి, ముందు దక్షిణానికి పోండి. ఎదురుగాలి ముందే అయిపోతే తిరుగు నడక తేలిక.

పొర్లుకట్ట_దారి:
మొగ చూడాలంటే విడవలూరు మండలం ఊటుకూరు వైపు నుంచి పోవడం మేలు. కారు పోయినంత దూరం పోనిచ్చి అక్కణ్నుంచి నడవాల. ఊళ్లో అడక్కుండా మాత్రం పోవద్దు. ఎందుకంటే మొగ ఒక్కచోట ఉండదు. ఎండాకాలం పెన్నలో పారే నీళ్లు ఉండవు, అలలు ఇసుకని తోసుకొచ్చి నోటికి అడ్డంగా మేట వేస్తాయి. అక్టోబరు, నవంబరు వానలకి పైనున్న సోమశిల డ్యాం గేట్లు ఎత్తితే వరద ఆ మేటని కోసుకుని ఇంకోచోట దారి చేసుకుంటుంది. పోయిన ఏడాది ఫోటో చూసి లెక్కేసుకుంటే పనికిరాదు.

ఏటి ఒడ్డున నడవడానికి పొర్లుకట్ట (వరద ఊళ్లలోకి రాకుండా వేసిన కట్ట) ఒక్కటే నమ్మకమైన దారి. పైన చదును, కింద ఏరు, పక్షులూ కనిపిస్తాయి. వరదలకి కోసుకుపోయినచోట్ల దిగి ఎక్కాల్సి వస్తుంది, అలాంటిది ఎదురైతే వెనక్కి తిరగండి. కట్ట దిగి నీళ్ల అంచుకి పోవద్దు. సముద్రపు ఒడ్డు ఇసుక వేరు, మొగ దగ్గర అడుసు వేరు. పైన రెండంగుళాల ఇసుక పొర, కింద మెత్తటి ఒండ్రు. అడుగేస్తే చుట్టూ నేల వణికినట్టు కదిలి, పాదం పక్కన నీళ్లు ఊరితే అక్కడే ఆగి వచ్చిన అడుగుల్లోనే వెనక్కి రావాల. కాలు దిగబడితే గుంజొద్దు, రెండో కాలూ దిగుతుంది. వెనక్కి కూర్చుని బరువు పరిచి, మడమని అటూఇటూ కదుపుతూ మెల్లగా తీయాల. చేతికర్ర ఉంటే ముందు గుచ్చి చూసుకోవచ్చు.

మొగలో స్నానం అసలొద్దు. పాటు వేళ ఏటినీళ్లూ పోటు నీళ్లూ కలిసి ఒక్కసారి సముద్రంలోకి లాగుతాయి, పైకి చూస్తే మోకాల్లోతే కనిపిస్తుంది.

కొత్తపట్నం_బాట:
కొత్తపట్నం ఒంగోలు వాళ్లకి బాగుంటుంది. నెల్లూరు నుంచి అంతదూరం రావాల్సిన పని లేదు, ఇసుక అదే ఇసుక. గుండ్లకమ్మ మొగ అక్కడికి ఉత్తరాన చాలా దూరం, ఒడ్డెంబడి నడిచే దూరం కాదు.

కాళ్లకి వెనక పట్టీ ఉన్న శాండిల్ వేయండి. హవాయి చెప్పు తడి ఇసుకలో ఊడొస్తుంది, షూలో ఇసుక నిండి బొబ్బలెక్కుతాయి. ఉత్త కాళ్లతో మాత్రం వద్దు, పల్లెల దగ్గర గాలాలు, సీసా పెంకులు, దిబ్బల మీద రావణాసురుడి మీసాలు అనే ముళ్లగడ్డి. సర్కారు తుమ్మ ముల్లు పలచటి చెప్పుని దాటి దిగుతుంది.

పడవలున్నచోట వాటి వెనకగా, దిబ్బ వైపు నుంచి తిరిగి పోండి. ట్రాక్టరుతో పడవని లాగుతున్నప్పుడు బిగిసిన మోకు దాటొద్దు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, అప్పుడు పడవలు ఎక్కువగా ఒడ్డునే ఉండి దారి ఇరుకవుతుంది.

చిన్నబజారు_నడక:
చాలా థ్యాంక్స్ అందరికీ. ఒక్క సందేహం. దారిలో రొయ్యల గుంటల నీళ్లు వదిలే పిల్లకాలువలు అడ్డం వస్తే?

తిప్పమీద_తాడి:
వాటి కోసమే పాటు చూసుకోమన్నది. పైన దిబ్బ దగ్గర కాలువ సన్నగా, లోతుగా ఉంటుంది, గట్టు అంచు కాలు పెడితే విరిగిపడుతుంది. కింద అలల దగ్గరికి వచ్చేసరికి విసనకర్రలా విచ్చుకుని చీలమండ లోతుకి తగ్గుతుంది, దాటితే అక్కడే దాటాల. పోయేటప్పుడే చీలమండ దాటి ఉంటే అదే మీ తిరుగు మలుపు అనుకోండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లని దాటించొద్దు. ఎండ తొమ్మిదిన్నరకే మండుతుంది, నీడ ఎక్కడా దొరకదు, మనిషికి లీటరు నీళ్లు చేతిలో ఉండాల.